తఖత్‌పూర్ రోడ్డు ఇల్లు

పోలయ్య ఒక పొద్దున్న పెద్దాసుపత్రిలో పోయాడు. కొడుకు అప్పలస్వామి కాగితాల మీద సంతకాలు పెట్టి, బండి మాట్లాడుకుని, తండ్రి శవంతో రైల్వే కాలనీ వెనక బస్తీకి వచ్చేసరికి ఇంటి ఓనరు అచ్చియమ్మ సందు మొదట్లోనే నిలబడి ఉంది.

"లోనికి తేకురా నాయినా," అంది. ఆమె కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి.

"నీల్లోసి తీసుకెలిపోతాం మామ్మా. గంట పని."

"గంటైనా అంతే, అరగంటైనా అంతే. అద్దెకున్నోల శవం ఇంట్లోకి వొచ్చిందంటే రేపు ఆ గది ఎవుడు తీసుకుంతాడు? నాకు ఆ గదులే కూడు. నీకు తెల్దా?"

పోలయ్య, అచ్చియమ్మ మొగుడు ఒకే లోకోషెడ్‌లో ఖలాసీలుగా పనిచేశారు. శ్రీకాకుళం వైపు నుంచి ఒకే బండిలో బిలాస్‌పూర్ వచ్చినవాళ్లు. ఆ మాట అప్పలస్వామి అనబోయి ఆగిపోయాడు. ఆమెకు తెలియనిదా.

చివరికి సందులోనే, సైకిళ్లు బాగుచేసే కొట్టుకీ వీధి కుళాయికీ మధ్య బల్ల వేశారు. ఆడవాళ్లు రెండు చీరలు అడ్డం పట్టుకున్నారు. నీళ్ల బకెట్లు అచ్చియమ్మే మోసుకొచ్చింది. స్కూలుకు వెళ్లే పిల్లలు ఆగి, చీరల సందుల్లోంచి చూస్తుంటే ఎవరో కసిరారు. అక్కడి నుంచి అటే తోర్వా శ్మశానానికి తీసుకెళ్లిపోయారు.

పదోరోజు కర్మ అయ్యాక అప్పలస్వామి భార్యతో అన్నాడు: "సొంత ఇల్లు కొనాల."

ప్రసూన బియ్యం కడుగుతోంది. తల ఎత్తలేదు. బాధలో ఉన్న మనిషి ఏదో అంటాడు, నాలుగు రోజులు పోతే సర్దుకుంటుంది అనుకుంది.

సర్దుకోలేదు. అప్పలస్వామి ఈ-రిక్షా నడుపుతాడు. పొద్దున్న బళ్లు దిగే జనాన్ని స్టేషన్ నుంచి ఊళ్లోకి చేరుస్తాడు. అంతకు ముందు బండెక్కిన సవారీలతో సినిమాలు, క్రికెట్టు మాట్లాడేవాడు. ఇప్పుడు ఎవరెక్కినా ఒకటే అడుగుతున్నాడు, మీది సొంతిల్లా, అద్దిల్లా అని.

ప్రసూన రైల్వే ఆఫీసర్ల బంగళాల్లో వంట చేస్తుంది. మూడిళ్లు. బస్తీ నుంచి నడిచి వెళ్లిపోయే దూరం. ఆ వంటల డబ్బులోంచి కొంచెం కొంచెం తీసి బ్యాంకులో వేసింది. అది కూతురు శ్వేత చదువుకోసం. శ్వేత ఆ ఏడాదే బయాలజీతో పన్నెండో క్లాసు పాసైంది. నర్సింగు కాలేజీలో చేరాలని తనూ, పక్క సందులో ఉండే ప్రత్యూషా కలిసి తిరుగుతున్నారు.

"ఆ డబ్బు కదపొద్దు," అంది ప్రసూన.

"కదపకుండా ఇల్లెలా వొస్తాది? ముందు కొంత కడితేగాని లోను ఇవ్వరంట."

"రానీకు. మనకిక్కడేటి తక్కువ? నాను నడిసెల్లి వంట సేసొస్తన్నాను. నీకు స్టేషను ఇదిగో ఇక్కడ. అద్దె ఇచ్చీగలుగుతున్నాం."

"సచ్చిపోతే పెట్టుకోడానికి చోటు లేదు."

"పోయినోలకి చోటు కావాలని బతికున్నోలు ఊరవతలకి పోతారేటి?"

అప్పలస్వామి గోడకు చేరగిలబడ్డాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "మా అయ్య మీద నీల్లోత్తుంటే స్కూలు పిల్లలు ఆగి సూసినారు ప్రసూనా. ముప్పయ్యేల్లు షెడ్డులో సేసినాడు. ఆడిని వీధిలో కడిగినాను. నానది మర్సిపోలేను."

శ్వేత మంచం మీంచి లేచి తండ్రి దగ్గరికి వచ్చింది. "పాపా, నా ఫీజు కట్టేశాక చూద్దాం. మూడు నాలుగేళ్లే కదా. తర్వాత నేను కూడా సంపాదిస్తాను."

"ఈ ఇల్లు నీ కోసమే కదమ్మా."

"నాకు ఇల్లొద్దు. కాలేజ్ కావాలి. అంతే."

ఆ మాటతో ఆ ఏడాది ఆగిపోయి ఉండేది. కానీ ప్రసూన ఒక ఆదివారం అప్పలస్వామి వెంట, అతను మాట్లాడి పెట్టిన ఇల్లు చూడ్డానికి వెళ్లింది.

తఖత్‌పూర్ వెళ్లే రోడ్డులో, ఊరు దాటి చాలా దూరం పోయాక, పొలాల మధ్య ఒక పెద్ద ఆర్చీ. దాని లోపల ఒకేలాంటి చిన్న చిన్న ఇళ్లు వరసలుగా ఉన్నాయి, ఇంకా సున్నం వాసన వేస్తున్నాయి. బ్రోకర్ రాంప్రసాద్ మంచి మనిషి. నవ్వుతూ మాట్లాడతాడు. ప్రసూనకు కూర్చోడానికి తన బండి సీటు తుడిచిచ్చాడు.

"అద్దె అంటే ఏంటి భయ్యా? నెలనెలా ఇంకొకడి జేబులో వేయడం. ఆ డబ్బే మీ గోడలో వేసుకోండి," అన్నాడు. బస్సు వస్తోందన్నాడు. స్కూలు వస్తోందన్నాడు. మంచినీళ్ల పైపులు వచ్చేస్తున్నాయన్నాడు.

"ఇప్పుడేటుంది?" అని అడిగింది ప్రసూన.

రాంప్రసాద్ నవ్వాడు. "ఇప్పుడు ధర ఉంది భాభీజీ. అవన్నీ వచ్చాక ఈ ధర ఉండదు."

ఆ మాటకు ఆమె పడిపోలేదు. పడిపోయింది వంటగది చూసి. చిన్నదే. కానీ నడుమెత్తు గట్టు ఉంది, దాని మీద నల్లరాయి, పక్కన సింకు, ఎదురుగా కిటికీ. పెళ్లైనప్పట్నుంచీ ఆమె అలాంటి గట్ల మీద వంట చేస్తూనే ఉంది, పరాయిళ్లలో. తన ఇంట్లో మాత్రం నేల మీద స్టవ్ పెట్టుకుని, గొంతుక్కూచుని వండేది. ఆ రాయి మీద అరచెయ్యి వేసి అలా నిలబడిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు అప్పలస్వామి "ఏటంతావు?" అంటే, వద్దనడానికి ఆమెకు నోరు రాలేదు.

శ్వేత డబ్బు ముందు కట్టేశారు. మిగిలింది ఒక ప్రైవేటు ఫైనాన్సు వాళ్లు పదిహేనేళ్ల కిస్తీల మీద ఇచ్చారు. నర్సింగు వచ్చే ఏడు చేరుదువుగానిలే అన్నారు కూతురితో. శ్వేత సరే అంది. అప్పటికి ప్రత్యూష కాలేజీలో చేరిపోయింది. వెళ్లేముందు తన పాత బయాలజీ నోట్సు శ్వేతకిచ్చింది, వచ్చే ఏడు పనికొస్తాయని.

గృహప్రవేశం రోజు మాత్రం నిజంగా బాగుంది. బస్తీవాళ్లు రెండు వ్యాన్లలో వచ్చారు. అచ్చియమ్మ కూడా వచ్చి, ఇల్లంతా తిరిగి చూసి, "మీ అయ్యుంటే ఎంత పొంగిపోనో," అంది. అప్పలస్వామి ఆమె కాళ్లకు దండం పెట్టాడు గానీ ముఖంలోకి చూడలేదు. అందరూ వెళ్లాక సుత్తి తీసుకుని గోడలకు మేకులు కొట్టడం మొదలెట్టాడు. అద్దె గదిలో అచ్చియమ్మ ఒక్క మేకు కొట్టనిచ్చేది కాదు. పోలయ్య ఫోటోకొకటి, క్యాలెండరుకొకటి, గొడుక్కొకటి, టోపీకొకటి. తగిలించడానికి ఏమీ లేనిచోట కూడా రెండు కొట్టాడు. ప్రసూనా శ్వేతా పగలబడి నవ్వారు.

వానాకాలం దాకా అలాగే గడిచింది.

మొదట ప్రసూన పని దెబ్బతింది. వానలు పట్టాక ఆ రోడ్డులో షేరాటోలు ఏడు దాటితే గాని రావు, రిక్షా బ్యాటరీ నిండేదాకా అప్పలస్వామీ బయల్దేరలేడు. ఆఫీసర్ల ఇళ్లలో ఆరింటికి టీ కావాలి, ఎనిమిదింటికి టిఫిను బాక్సు కావాలి. ఒకింటి వాళ్లు రెండు నెలలు ఓర్చుకున్నారు. రెండో ఇంటి వాళ్లు అంత కూడా ఓర్చుకోలేదు. శ్రీనిధి అనే ఆవిడ ఇల్లొక్కటే మిగిలింది. ఆమెదీ ఆమె భర్త శ్రీవత్సదీ విజయవాడ. ప్రసూన చేసే పప్పు తింటే ఇంటికి వెళ్లినట్టుంటుందని, ఆలస్యమైనా మాన్పించలేదు.

తర్వాత రిక్షా. కాలనీ కట్టినవాడు కరెంటు సరిగా తేలేదు. అన్నిళ్లకీ కలిపి ఏదో తాత్కాలిక లైను లాగి వదిలేశాడు. రాత్రంతా పెట్టినా బ్యాటరీ నిండేది కాదు. నిండిన కాస్తా స్టేషన్ చేరేసరికి సగానికి పడిపోయేది. పొద్దున్న బళ్ల సవారీలు మిగతావాళ్లకి పోయాయి. ఇంటికొచ్చి వెళ్లే ఛార్జింగు కూడా దండగనిపించి, అప్పలస్వామి స్టేషన్ స్టాండులోనే డబ్బిచ్చి ఛార్జింగు పెట్టుకుని, ఆ రిక్షాలోనే కాళ్లు ముడుచుకుని పడుకోవడం మొదలెట్టాడు. వారానికి రెండుసార్లు ఇంటికి వచ్చేవాడు.

కిస్తీ మాత్రం ఏ నెలా ఆగలేదు. శ్వేతకు చెప్పిన ఆ 'వచ్చే ఏడు' కూడా గడిచిపోయింది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. శ్వేత కూడా.

ఎండాకాలంలో బోరు ఎండింది. వరసలో ఉన్న ఇళ్లలో సగం తాళాలేసి ఉన్నాయి. ఒక మధ్యాహ్నం శ్వేత ఒక్కతీ ఉండగా ఎవరో ఇద్దరు తాగొచ్చి ఇంటి అరుగు మీద కూచున్నారు. తలుపు కొట్టలేదు, ఏమీ అనలేదు. సీసాలు పక్కన పెట్టుకుని, సాయంత్రం దాకా అక్కడే ఉన్నారు. ప్రసూన వచ్చేసరికి వాళ్లు వెళ్లిపోయారు గానీ, లోపల శ్వేత గడియ పెట్టుకుని, దాని మీద మంచం అడ్డంగా నిలబెట్టి, ఆ మంచాన్ని రెండు చేతులతో పట్టుకుని కూచుని ఉంది. మెడ మీంచి చెమట కారుతోంది. "ఫోన్ సెయ్యలేకపోనావేటే?" అంటే, "చార్జింగ్ లేదు," అంది.

మర్నాడు ప్రసూన శ్రీనిధి దగ్గర నోరు విప్పింది.

"మా ఔట్‌హౌస్ ఖాళీగానే ఉంది కదా," అంది శ్రీనిధి. "నువ్వూ మీ అమ్మాయీ వచ్చేయండి. అద్దేమీ వద్దు, పొద్దున్నుంచి రాత్రిదాకా పని చూసుకో చాలు. మగవాళ్లు మాత్రం రాత్రిళ్లు ఉండకూడదు. సార్‌కి ఇష్టం ఉండదు." ఆగి, ఆశ్చర్యంగా అడిగింది: "అయితే మీకు సొంతిల్లు ఉందా ప్రసూనా? చెప్పనే లేదే! మాకే లేదు తెలుసా ఇప్పటిదాకా. ట్రాన్స్‌ఫర్ల ఉద్యోగం, ఎక్కడని కొంటాం, అద్దె అయితే ఎప్పుడంటే అప్పుడు వదిలేయొచ్చు అంటారు ఈయన. మీరే నయం."

ఆమె వెటకారంగా అనలేదు. మనసులో ఉన్నదే అంది. ప్రసూన గిన్నెలు తోముతూ, "అవునమ్మగారూ," అంది.

అప్పలస్వామికి ఈ సంగతి చెప్పింది స్టేషన్ స్టాండులో, నలుగురు వింటుండగానే.

"సొంతిల్లుండగా నా పెల్లాం పిల్లా ఒకలి ఔట్‌హౌసులోనా?" అని అరిచాడు.

"నువ్వు బండిలో పడుకుంతన్నావు. ఆ పిల్ల మంచం అడ్డెట్టుకుని కూసుంతంది. మరి ఆ ఇంట్లో ఎవులున్నారు? సెప్పు. ఎవులికోసం కడతన్నాం?"

"కొన్నాల్లు ఓర్సుకో. బస్సొస్తాది."

"వొచ్చినప్పుడు పిలు. వొస్తాను."

ఆమె సామాను సర్దుకుని వెళ్లిపోయింది. వంటగది గట్టు తుడిచి, స్టవ్ మాత్రం అక్కడే వదిలింది, ఔట్‌హౌస్‌లో ఉందని.

అప్పలస్వామి అప్పుడు అమ్మేద్దామనుకున్నాడు. ఆ మాట తనకు తాను చెప్పుకోడానికే అతనికి చాలా రోజులు పట్టింది. రాంప్రసాద్ టీ ఇప్పించాడు. ఎప్పట్లాగే నవ్వుతూనే ఉన్నాడు.

"మీ వరసలోనే ఏడెనిమిది అమ్మకానికున్నాయి భయ్యా. ఇప్పుడు వచ్చే ధరకి మీ లోను కూడా తీరదు. ఇల్లు పోతుంది, బాకీ మిగులుతుంది. దానికంటే అద్దెకిచ్చెయ్యండి."

"అక్కడికి అద్దెకెవరొస్తారు?"

"అదీ నిజమే," అన్నాడు రాంప్రసాద్. "అద్దెకైతే అందరూ స్టేషన్ దగ్గరే అడుగుతున్నారు."

ఆ సాయంత్రమే అప్పలస్వామి బస్తీకి వెళ్లాడు. పాత గది ఖాళీ ఉందేమో అడుగుదామని. గదిలో ఒడిశా వాళ్లెవరో ఉన్నారు. అచ్చియమ్మ వాకిట్లో కూచుని ఉల్లిపాయలు ఆరబెడుతోంది. అతన్ని చూసి, ముక్కాలిపీట జరిపింది.

"ఆ రోజు నానలాగన్నానని కదా నువ్వు ఇల్లు కొన్నావు? బస్తీ అంతా నన్నే అంతన్నారు."

"కాదు మామ్మా."

"అవును. నాకు తెలుసు," అంది. "నాకు మాత్రం సొంతమేటిరా? ఇది రైలోడి జాగా. ఎప్పుడు లెగమంటే అప్పుడు లెగిపోవాల. మీ అయ్యని లోనికి తెచ్చీనిచ్చుంటే నా సొమ్మేటి పోను. బయపడ్డాను. అంతే."

అప్పలస్వామి కాసేపు కూచుని లేచాడు. ఆమె ముఖం చూస్తే ఏడవాలనిపించిందో తిట్టాలనిపించిందో అతనికి తెలియలేదు. తనకేం కావాలో కూడా తెలియలేదు.

ఔట్‌హౌస్‌లో ఉంటూ శ్వేత ఒక ప్రైవేటు నర్సింగ్‌హోంలో ఆయాగా చేరింది. పక్కలు మార్చడం, బెడ్‌పాన్‌లు ఎత్తడం, గచ్చు తుడవడం. ఒకరోజు కాలేజీ నుంచి ట్రైనింగుకని అమ్మాయిల బ్యాచ్ వచ్చింది. తెల్ల యూనిఫారాలు, జేబుల్లో చిన్న కత్తెరలు. వాళ్లలో ప్రత్యూష ఉంది. శ్వేత చేతిలో పాన్ ఉంది, గుడ్డ కప్పి.

ప్రత్యూష పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకోబోయింది. "అరే, నువ్విక్కడ..." అని, పాన్ చూసి ఆగిపోయింది. ఇద్దరూ ఒకేసారి నవ్వడానికి ప్రయత్నించారు. వెనక నుంచి సిస్టర్, "ఆయా, ఏడో నంబరు పేషెంటు పిలుస్తోంది, వినపడట్లేదా?" అని అరిచింది. శ్వేత వెళ్లిపోయింది. ఇంటికొచ్చి తల్లికి చెబుతున్నప్పుడు కూడా ఏడవలేదు. చెప్పి, అన్నం తిని, అటు తిరిగి పడుకుంది. ఏడ్చింది ప్రసూన.

అలా ఇంకొక ఏడాది గడిచాక శ్రీవత్సకు నాగపూర్ ట్రాన్స్‌ఫర్ అయింది. వారంలో లారీ వచ్చి, అట్టపెట్టెలన్నీ ఎక్కించుకుని వెళ్లిపోయింది. శ్రీనిధి ప్రసూనకు రెండు చీరలు, ఒక కుక్కరు ఇచ్చి, "నీ చేతి వంట మళ్లీ ఎక్కడ దొరుకుతుందో," అని కళ్లు తుడుచుకుంది. కొత్తగా వచ్చే ఆఫీసరు తన పనిమనిషిని తనే తెచ్చుకుంటున్నాడు. ఔట్‌హౌస్ ఆదివారానికి ఖాళీ చేయాలన్నారు.

ఆదివారం అప్పలస్వామి రిక్షా కడిగి తెచ్చాడు. ముందు రోజే ఇంటికి వెళ్లి గదులు ఊడ్చి, కూరలు కొని పెట్టి వచ్చాడు. గడ్డం చేసుకున్నాడు. ఎన్నాళ్లకో అతని ముఖంలో ఆ సంబరం చూసి ప్రసూన కళ్లు తిప్పుకుంది. ట్రంకుపెట్టె, పక్కబట్టలు, కుక్కరు ఎక్కించాక ఆమె ఎక్కి కూచుంది. శ్వేత భుజానికి సంచీతో గేటు దగ్గరే నిలబడింది.

"ఎక్కమ్మా."

"నేను రావట్లేదు పాపా. నర్సింగ్‌హోం పైన ఆయాలకి గది ఉంది. అక్కడ ఉంటాను."

"ఇల్లుండగా పదిమందితో గదిలో ఏటి?"

"అక్కడ్నించి డ్యూటీకి రాలేను. నైట్లు పడతాయి."

"నీ కోసం కొన్నానమ్మా ఆ ఇల్లు."

శ్వేత గొంతు పెంచలేదు. "తాతయ్య కోసం కొన్నారు. నా పేరు మధ్యలో తేవద్దు," అంది. ఇంకేమీ అనకుండా ఉందామనే చూసింది, కానీ వచ్చేసింది: "ప్రత్యూష వాళ్లు ఇప్పటికీ అద్దెలోనే ఉన్నారు పాపా."

అప్పలస్వామి హ్యాండిల్ వైపు తిరిగాడు. తల్లి చెయ్యి చాపితే శ్వేత ఒకసారి పట్టుకుని వదిలేసింది. బండి కదిలాక ప్రసూన వెనక్కి చూస్తే, కూతురు అప్పటికే నడిచి వెళ్లిపోతోంది, డ్యూటీకి ఆలస్యమైనట్టు.

ఆర్చీ దాటాక, వరసలో ఒక్క ఇంటి ముందే బట్టలు ఆరేసి ఉన్నాయి. ప్రసూన లోపలికి వెళ్లి, గట్టు కడిగి, స్టవ్ వెలిగించింది. పప్పు చేసింది. అప్పలస్వామి కాళ్లు కడుక్కుని వచ్చి కూచున్నాడు.

"ఇంక స్టాండులో పడుకోను. రోజూ వొచ్చేస్తాను. రేపు ఎన్ని గంటలకి లెగమంతావు? నిన్ను దించీసి ఎల్తాను," అన్నాడు.

"ఎక్కడికి దించుతావు? నాకక్కడ పనెక్కడుంది ఇప్పుడు?"

అతనికి ఆ సంగతి తోచనే లేదు. కంచంలో అన్నం కలపడం మొదలెట్టాడు.

"ఇంకా ఎన్నేల్లు కట్టాల?" అంది ఆమె.

"పన్నెండు."

"అప్పటికి శ్వేతకి ముప్పై మూడొస్తాయి," అంది ప్రసూన. ఇంకో గరిటెడు పప్పు అతని కంచంలో వేసింది. "తిను. సల్లారిపోతంది."